మళ్లీ ఆశ పెట్టుకోవాలంటే భయమేస్తోంది

ప్రశ్న: అమ్మగారికి ప్రభువు పేరిట వందనాలు. మాది గుణుపురం. మా ఆయన కోరాపుట్‌లో ఉద్యోగం చేస్తారు, వారానికోసారి వస్తారు. ఇంట్లో నేను, ఇద్దరు పిల్లలు, మా అమ్మ ఉండేవాళ్లం. అమ్మకు కిడ్నీలు పాడైపోయాయి. డయాలసిస్ కోసం విశాఖ తిప్పాం. సంఘమంతా ఉపవాస ప్రార్థన చేసింది. బయటి నుంచి వచ్చిన ఒక ప్రసంగీకుడు కూటంలో అమ్మ తల మీద చెయ్యి వేసి, "ఈమె లేచి నడుస్తుందని ప్రభువు నాకు చూపించాడు" అన్నారు. నేను నమ్మాను. పోయిన వర్షాకాలంలో అమ్మ వెళ్లిపోయింది.

అప్పటి నుంచి నాకు ప్రార్థన రావడం లేదు. ఆదివారం గుడికి వెళ్తున్నాను, క్వాయర్‌లో పాడుతున్నాను, లోపల మాత్రం ఏమీ లేదు. కానీ తెల్లవారుజామున నాలుగింటికి మెలకువ వచ్చేస్తుంది. అప్పుడు దేవుడు కావాలని ఎంతగా అనిపిస్తుందో చెప్పలేను. చిన్నప్పుడు అమ్మ పక్కన మోకరించినప్పుడు దగ్గరగా ఉన్న ఆ దేవుడు కావాలి. పిలుస్తాను, పలకడు. ఒక్కోరోజు తెల్లారకపోతే బాగుండు అనిపిస్తుంది. అమ్మ బైబిల్లో కీర్తనల మధ్య ఆమె పెట్టుకున్న మందుల చీటీ అలాగే ఉంది. పుస్తకం తెరుస్తాను, చీటీ చూస్తాను, మూసేస్తాను.

స్త్రీల సమాజంలో ఒక అక్క "నీకు విశ్వాసం తగ్గింది, అందుకే ఇలా" అంది. ఇంకొకామె "పాజిటివ్‌గా ఉండు" అంటుంది. ఒకసారి అంత ఆశ పెట్టుకుని ఇలా అయ్యాక, మళ్లీ ఆశ పెట్టుకోవడం అంటే నన్ను నేను మోసం చేసుకోవడం కాదా? పైగా సాక్ష్యం చెప్పమని అడుగుతున్నారు. పిల్లలకు ఒడియా చదవడం వచ్చు, తెలుగు రాదు. ఇంట్లో తెలుగులో ప్రార్థన చేసేది ఇక నేనొక్కదాన్నే. అమ్మ ప్రార్థన నాతోనే ఆగిపోతుందేమో. ఏం చేయమంటారు?

ఒక సోదరి, రాయగడ జిల్లా

సమాధానం: వందనాలమ్మా. మీరు అడిగిన వాటికంటే ముందు, మధ్యలో ఒక మాట అనేసి ముందుకు వెళ్లిపోయారు చూడండి, తెల్లారకపోతే బాగుండు అని, దాని గురించి మాట్లాడతాను. ఆ మాట మనసులోకి ఎంత తరచుగా వస్తోంది? తిండి, నిద్ర ఎలా ఉన్నాయి? రెండు వారాలు దాటి రోజూ ఇలాగే గడుస్తుంటే, చనిపోతే బాగుండన్న ఆలోచన ఏ కొంచెం వచ్చినా, మీ ఆయనకు ఇవాళే ఫోన్ చేసి చెప్పండి. ఆయన వచ్చేదాకా ఆగొద్దు. డాక్టరుకు చూపించుకోండి. 14416కి ఫోన్ చేస్తే టెలి మానస్ వాళ్లు మాట్లాడతారు. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన సేవ అది. రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు. విశ్వాసులు అలాంటి వాటికి ఫోన్ చేయకూడదని ఎవరైనా అంటే ఆ మాట చెవిన వేసుకోకండి.

ఏలీయా ప్రవక్త కర్మెలు కొండ మీద ఆకాశం నుంచి అగ్ని దిగడం కళ్లారా చూశాడు. ఆ వెంటనే ప్రాణభయంతో పారిపోయి, అరణ్యంలో ఒక చెట్టు కింద కూలబడి, ఇక చాలు నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు కోప్పడలేదు. ప్రసంగం చేయలేదు. పడుకోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు చూపించి తినమన్నాడు. తిని మళ్లీ పడుకున్నాడు. మళ్లీ లేపి తినిపించాడు. నువ్విక్కడేం చేస్తున్నావని దేవుడు అడిగింది ఇదంతా అయ్యాక, నలభై రోజుల నడక తర్వాత, హోరేబు కొండ దగ్గర. డయాలసిస్ మనిషిని అంతకాలం విశాఖ తిప్పిన మీ ఒంట్లో ఏం మిగిలి ఉంటుందమ్మా? ఆసుపత్రి వరండాల్లో జాగారాలు, రైలు టికెట్లు, డబ్బు టెన్షన్, ఇంటి దగ్గర పిల్లల పరీక్షలు. మీరు లోపల ఏమీ లేదు అంటున్న దాంట్లో కొంత ఆత్మది కాదు, ఒంటిది. దాన్ని తిండితో, నిద్రతో, అవసరమైతే మందుతో సరిచేసుకోవాలి.

ఇక ఆ ప్రసంగీకుడి మాట. దీన్ని సూటిగానే చెబుతాను. అమ్మ లేచి నడుస్తుందని మీకు మాట ఇచ్చింది ఒక మనిషి. దేవుడు ఇవ్వలేదు. ఆయన జాలితోనే అని ఉండొచ్చు, మంచం మీద ఉన్న మనిషిని చూసి తట్టుకోలేక అని ఉండొచ్చు. అయినా దేవుడి పేరు మీద అలాంటి మాట ఇచ్చే హక్కు ఆయనకు లేదు. మీ గుండెలో ఇప్పుడు రెండు బాధలు కలిసిపోయి ఉన్నాయి. అమ్మ లేదన్నది ఒకటి, దేవుడు మాట తప్పాడన్నది ఇంకొకటి. మొదటిదానికి ఏడవాలి, ఎన్నాళ్లయినా ఏడవండి. రెండోది మీది కాదు, ఎవరో మీ నెత్తిన పెట్టి వెళ్లిపోయిన బరువు.

విశ్వాసం తగ్గిందన్న అక్కకు పౌలు తిమోతికి రాసిన రెండో పత్రిక చివరి అధ్యాయం తీసి చూపించండి. ఎంతోమంది రోగుల్ని బాగుచేసిన పౌలు, తనతో తిరిగిన త్రోఫిము రోగంతో ఉంటే మిలేతులో వదిలి వచ్చానని అక్కడ ఒక్క ముక్కలో రాశాడు. ఎవరి విశ్వాసం తగ్గిందని లెక్కలు తీయలేదు. సంజాయిషీ కూడా ఇవ్వలేదు. మన కూటాల్లో ఈ వచనం మీద ప్రసంగాలు జరిగితే మీలాంటి కూతుళ్లు ఇంతగా నలిగిపోరు.

మరి దేవుడు ఇచ్చిన మాట ఏమిటి? "లోకములో మీకు శ్రమ కలుగును, అయినను ధైర్యము తెచ్చుకొనుడి, నేను లోకమును జయించి యున్నాను" అని యోహాను 16లో ఉంది. శ్రమ కలుగుతుందన్నది కూడా ఆ మాటలో భాగమే. ఇంకొకటి, చివరి పుస్తకంలో: "ఆయన వారి కన్నుల ప్రతి బాష్పబిందువును తుడిచివేయును, మరణము ఇక ఉండదు." తుడవాలంటే కన్నీళ్లు ఉండాలి కదా. చనిపోయిన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర యేసు ఏడ్చాడు. ఇంకాసేపట్లో అతన్ని పిలిచి లేపబోతున్నానని తెలిసిన వాడే ఏడ్చాడు. మీరు ఏడిస్తే అవిశ్వాసం ఎలా అవుతుంది?

ఇప్పుడు మీ తెల్లవారుజాము గురించి. నాలుగింటికి లేచి దేవుడు కావాలి అని అల్లాడిపోతూ, నాకు ప్రార్థన రావడం లేదు అంటున్నారు. అమ్మా, అదే ప్రార్థన. నాకు ఇందులో ఏ అనుమానమూ లేదు. ఉచ్చరింప శక్యముకాని మూలుగులతో ఆత్మ తానే మన పక్షముగా విజ్ఞాపన చేస్తాడని రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయంలో చదివాం. మీకు మాటలు లేని ఆ వేళకు అది సరిపోతుంది. దేవుడితో పనిలేని మనిషి ఆ వేళకు హాయిగా నిద్రపోతాడు. ఆయన దగ్గరితనం ఒకప్పుడు తెలిసిన మనిషికే ఆయన కనపడకపోతే ఇంత కష్టం.

నలభై రెండో కీర్తన మీకు కంఠతా వచ్చే ఉంటుంది, క్వాయర్‌లో ఉన్నారు కాబట్టి. "దుప్పి నీటివాగులకొరకు ఆశపడునట్లు దేవా, నీకొరకు నా ప్రాణము ఆశపడుచున్నది." ఈ కీర్తన ఎవరిదో పైన రాసి ఉంటుంది, చూడండి. కోరహు కుమారులది. వాళ్లు దేవుని మందిరంలో పాడే వంశం. అంటే ఈ మాటలు అన్నది గుడికి దూరంగా ఉండే మనిషి కాదు, పాటలు పాడే మనిషి. పండుగ చేసుకునే జనంతో కలిసి మందిరానికి నడిచి వెళ్లిన రోజుల్ని తలుచుకుంటున్నాడు. ఇప్పుడు మాత్రం యెరూషలేముకు ఎంతో దూరాన, హెర్మోను కొండ వైపు, యొర్దాను ప్రాంతంలో ఉన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నీ దేవుడు ఏమయ్యాడని రోజూ అడుగుతుంటే కన్నీళ్లే అతనికి అన్నపానాలయ్యాయి. క్వాయర్‌లో నిలబడి నోటితో పాడుతూ లోపల ఎండిపోయిన మనిషి మీరు మొదటివారు కాదు. మీకంటే ముందు ఒకరు ఆ స్థితిలోనే పాట రాశారు, దేవుని ప్రజలు దాన్ని పారేయకుండా గ్రంథంలో దాచుకున్నారు.

మీ ప్రాంతంలోనే ఇంకొకరు ఉన్నారు. మన తెలుగు సంఘాలు తరతరాలుగా పాడుకుంటున్న ఎన్నో కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి 1803లో మీ పక్కనే పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టారు. ఆయన పాటలు ఈసారి మెల్లగా చదవండి. దయ చూడమని, దిక్కు నీవేనని, రమ్మని బతిమాలే పాటలే ఎన్నో. అంత భక్తుడికీ దేవుణ్ని బతిమాలుకోవాల్సిన అవసరం ఉంది.

కలకత్తాలో పేదల మధ్య జీవితమంతా గడిపిన మదర్ థెరిసా ఉత్తరాలు ఆమె పోయిన పదేళ్లకు, 2007లో బయటికి వచ్చాయి. దాదాపు యాభై ఏళ్ల పాటు దేవుడు తనతో ఉన్నట్టే ఆమెకు అనిపించలేదని వాటివల్ల లోకానికి తెలిసింది. ఆమె రోజూ ప్రార్థన చేశారు, రోజూ పనికి వెళ్లారు. మీక్కూడా అన్నేళ్లు పడుతుందని చెప్పడానికి ఇది రాయడం లేదు. చాలామందికి త్వరగానే తేలికపడుతుంది. అనిపించకపోవడం వేరు, దేవుడు లేకపోవడం వేరు అని చెప్పడానికి రాస్తున్నాను.

ఇక మీ అసలు ప్రశ్న, ఆశ పెట్టుకోవడం మోసం చేసుకోవడమా అన్నది. ఇది చాలా మంచి ప్రశ్న. యేసును సిలువ వేశాక ఎమ్మాయు ఊరి దారిలో నడిచిన ఆ ఇద్దరు శిష్యులు అన్న మాట కూడా ఇదే: "ఇశ్రాయేలును విమోచింపబోవువాడు ఈయనే అని మేము నిరీక్షించియుంటిమి." నిరీక్షించాం, అయిపోయింది, ఇంటికి పోతున్నాం అంటున్నారు. యేసు వాళ్లతో కలిసి నడుస్తున్నాడు, వాళ్లు గుర్తుపట్టలేదు. ఆయన వెంటనే తాను ఫలానా అని చెప్పేయలేదు కూడా. మీరు దేని గురించి మాట్లాడుకుంటున్నారు అని అడిగి, వాళ్ల నోటితో మొత్తం చెప్పనిచ్చాడు. తర్వాత మందలించాడు, లేఖనాలు విప్పి చెప్పాడు, అది తర్వాత సంగతి. వాళ్లు ఆశపెట్టుకున్నట్టుగా ఏదీ జరగలేదు. వాళ్లు ఎవరి మీద ఆశపెట్టుకున్నారో ఆయన మాత్రం చచ్చిపోయి అలాగే ఉండిపోలేదు.

అమ్మ బాగవుతుందన్న ఆశ విరిగిపోయింది. దాన్ని అతికించమని నేను చెప్పను. క్రైస్తవుల నిరీక్షణ, ఫలానాది జరిగి తీరుతుందన్న నమ్మకం మీద నిలబడేది కాదు. యేసును సమాధిలోంచి లేపిన దేవుడు మీ అమ్మను మర్చిపోడు, మిమ్మల్నీ మర్చిపోడు అన్నదాని మీద నిలబడుతుంది. పాజిటివ్‌గా ఉండమనే స్నేహితురాలు జరిగినదాన్ని చూడొద్దంటోంది. నిరీక్షణ ఉన్న మనిషి దాన్ని చూడకుండా ఉండక్కర్లేదు. తిరిగి లేచిన ప్రభువు చేతుల్లో మేకుల గుర్తులు అలాగే ఉన్నాయి, నమ్మలేకపోయిన శిష్యుడు తోమాను పిలిచి మరీ చూపించాడు.

సరే, మరి మనసులో ఆశ పుట్టకపోతే? ఇక్కడే చాలామంది పొరపడతారు. ముందు ఆశ అనిపించాలి, తర్వాత ప్రార్థన చేస్తాను అనుకుంటారు. కీర్తనకారుడు అలా ఎదురుచూడలేదు. "నా ప్రాణమా, నీవు ఏల క్రుంగియున్నావు? దేవునియందు నిరీక్షణ యుంచుము" అని తన ప్రాణానికి తానే చెప్పుకుంటున్నాడు, దాదాపు గదమాయిస్తున్నట్టు. అది అన్నాక ఏమైందో తెలుసా? ఆ పక్క వచనంలోనే "నా దేవా, నా ప్రాణము నాలో క్రుంగియున్నది" అంటాడు. ఏమీ తేలికపడలేదు! మళ్లీ నన్నెందుకు మరిచిపోయావని అడుగుతాడు, అదీ నా ఆశ్రయదుర్గమా అని పిలుస్తూనే. మళ్లీ తన ప్రాణానికి చెప్పుకుంటాడు. తర్వాతి కీర్తన చివర ఇంకోసారి. మొత్తం మూడుసార్లు అవే మాటలు. మూడోసారికైనా దుఃఖం తీరిందని ఎక్కడా రాసి లేదు. ఇంకను నేను ఆయనను స్తుతించెదను అని మాత్రం ఉంది. ఇప్పుడు స్తుతించలేకపోతున్నాను, స్తుతించే రోజు ఒకటి వస్తుంది అని. ఇందులో మోసం ఎక్కడుంది? తనకు ఎలా ఉందో దాచలేదు, దేవుడు ఎవరో మర్చిపోలేదు.

ఎండాకాలంలో మీ వంశధార చూస్తే ఇసుకే కదా కనపడేది. ఆ నది ఎరిగినవాళ్లు ఇసుకలో చెలమ తవ్వుకుంటారు. నీళ్లు కనపడ్డాక తవ్వడం మొదలుపెట్టరు. మొదట తడి ఇసుక వస్తుంది, తర్వాత బురద నీళ్లు, తేరుకోవడానికి టైము పడుతుంది. నిరీక్షణ కూడా చేతులతో చేసే పనే.

కాబట్టి రేపు నాలుగింటికి మెలకువ వచ్చినప్పుడు చీకట్లో పడుకుని దేవుణ్ని వెతుక్కోకండి. లేచి లైటు వేయండి. నీళ్లు తాగండి. అమ్మ బైబిలు తెరవండి. ఆ చీటీ తీసేయక్కర్లేదు. అది ఏ కీర్తన దగ్గర ఉందో మీరు రాయలేదు, ఏదైనా సరే, అక్కడి నుంచే ఒక నాలుగు వచనాలు పైకి చదవండి, పిల్లలు లేవకుండా గొణిగినా చాలు. కళ్లతో కాదు, గొంతుతో. ఎందుకంటే ఆ వేళకు మనసు మనతో చెప్పే మాటలు రాత్రంతా విని ఉంటాం, దానికి మనం చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. చదవడం అయ్యాక చీటీని చదివిన చోటికి జరిపి మూసేయండి. ఏమైనా అనిపించిందా అని పరీక్ష పెట్టుకోవద్దు. నిద్ర వస్తే పడుకోండి. మర్నాడు అక్కడి నుంచి ఇంకో నాలుగు. ఇలా వెళ్తుంటే ఒకరోజు ఎనభై ఎనిమిదో కీర్తన వస్తుంది. అది మొదటి నుంచి చివరిదాకా దుఃఖమే, చీకటి అన్న మాటతోనే ముగుస్తుంది. దాన్ని దాటేయకండి. అదీ దేవుడి పుస్తకంలో ఉన్నదే, దేవుడికి చేసిన ప్రార్థనే.

ఒక్కరే ఉండకండి. కోరాపుట్ వైపు 1882లో వచ్చిన మిషనరీలు లూథరన్లే కదా, అందుకని ఆ సంఘానికి మూలపురుషుడైన మార్టిన్ లూథర్ మాట ఒకటి చెబుతాను. ఆయన పిల్లలకు చదువు చెప్పే జెరోమ్ వెల్లర్ అనే అతను దిగులుతో కుంగిపోతే, 1530లో అతనికి ఉత్తరం రాస్తూ ఒంటరిగా ఉండొద్దు, మనుషుల్లోకి వెళ్లు, నవ్వు అన్నాడు. ఇంకా ఎక్కువ ఉపవాసాలు చేయమనలేదు. మీరు కూడా ఇప్పుడు ఉపవాసాలు మానేయండి, కొన్నాళ్లు. స్త్రీల సమాజంలో తీర్పులు తీర్చనివాళ్లు ఒకరిద్దరైనా ఉంటారు. అమ్మ గురించి మీరు మాట్లాడుతుంటే మధ్యలో వచనం చెప్పకుండా వినగలిగే మనిషిని చూసుకోండి.

సాక్ష్యం ఇప్పుడు చెప్పొద్దు. అయ్యగారితో విడిగా, ఇంకా వీలుపడదండీ అని చెప్పండి చాలు. ప్రసంగీకుడి మాట వల్ల మీకు జరిగిన నష్టం కూడా ఆయనకు చెప్పండి. రేపు ఇంకో ఇంట్లో అలా జరగకుండా చూడాల్సింది సంఘ కాపరే. ఆయన వింటే మంచిది. వినకపోయినా మీరు చెప్పడం మంచిది.

క్వాయర్ మాత్రం మానకండి. నోట మాట రానిచోట ఆగిపోండి, పక్కవాళ్లు పాడతారు, మీ వంతు కూడా వాళ్లే పాడతారు. సంఘం ఉన్నది అందుకే.

పిల్లల విషయంలో అంత దిగులు అక్కర్లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే ప్రాంతంగా ఏర్పడినప్పుడు మీ కోరాపుట్, గుణుపురం, పర్లాకిమిడి అటు వెళ్లాయి. అప్పటి నుంచి అక్కడి తెలుగు ఇళ్లలో తాతమ్మలు ఒక భాషలో, మనవలు ఒక భాషలో దేవుడితో మాట్లాడుతూనే ఉన్నారు. పెంతెకొస్తు పండుగ రోజున శిష్యులు మాట్లాడుతుంటే ఎవరి భాషలో వాళ్లకే దేవుని గొప్పకార్యాలు వినిపించాయి, అందరినీ ఒక్క భాష నేర్చుకోమనలేదు. అమ్మ ప్రార్థన అంటే తెలుగు అక్షరాలు మాత్రమే కాదు కదా. మీరు చిన్నప్పుడు ఆమె పక్కన మోకరించారు, ఆమె మాటలన్నీ మీకు అప్పుడు అర్థమయ్యాయా? అయినా ఆ దేవుడే కావాలని ఇవాళ్టికీ నాలుగింటికి లేస్తున్నారు. వారానికి ఒక రాత్రి, మీ ఆయన ఇంట్లో ఉన్నప్పుడు, కుటుంబ ప్రార్థన పెట్టుకోండి. ఒకే కీర్తనను పెద్దవాడో పెద్దదో ఒడియాలో చదవాలి, మీరు తెలుగులో చదవాలి. పిల్లలు తెలుగు అక్షరాలు నేర్పమని అడిగితే నేర్పండి, అడక్కపోతే బలవంతం వద్దు. చదువుతుండగా మీకు ఏడుపు వస్తే వంటింట్లోకి వెళ్లిపోకండి, వాళ్ల ముందే ఏడవండి. అమ్మమ్మ కోసం ఏడుస్తున్నానని చెప్పండి. మళ్లీ ఎక్కడ ఆపారో అక్కడి నుంచి చదవండి.

డాక్టరును కలిశాక నాకు ఒక ముక్క రాయండి.